రూపాయి నడిచిన దారి – 6: ఏడు హాలీలు, ఆరు కల్దార్లు

హైదరాబాద్ అంచున జల్‌పల్లి, బాలాపూర్, పహాడీషరీఫ్ వైపు భూముల పాత కాగితాలు తీస్తే ధర రాసిన చోట ‘సిక్కా హాలీ’ అనో, ‘ఓ.ఎస్.’ (ఉస్మానియా సిక్కా) అనో కనిపిస్తుంది. సంవత్సరం ఫసలీలో ఉంటుంది. రాత ఉర్దూలో ఉంటుంది. ఇప్పుడు జల్‌పల్లి చెరువు చుట్టుపక్కల గజాల లెక్కన అమ్ముడవుతున్న నేల అప్పట్లో ఎకరాల లెక్కన చేతులు మారింది. ఆ ధరను ఈనాటి రూపాయితో పోల్చాలనుకునేవారు ముందు ఒక సంగతి గమనించాలి. కాగితం మీదున్న రూపాయి భారతదేశపు రూపాయి కాదు. అది ఆసఫ్‌జాహీల రూపాయి. దానికి వేరే బరువు, వేరే టంకశాల, వేరే నోటు ఉండేవి. పక్కనే నడిచిన ఇంగ్లీషు వాళ్ళ రూపాయిని జనం ‘కల్దార్’ అన్నారు. సర్కారు కచేరీలు కల్దారును ‘బి.జి.’ అనీ, తర్వాత ‘ఐ.జి.’ అనీ రాసుకున్నాయి. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు: ఈ లెక్క దాదాపు అర్ధశతాబ్దం హైదరాబాద్ రాజ్యంలో అక్షరాభ్యాసం లేనివారికి కూడా నోటికి వచ్చు.

పోయిన భాగంలో 1835 నాటి కంపెనీ రూపాయి గురించి చెప్పుకున్నాం. నాలుగో విలియం బొమ్మతో, 180 గ్రెయిన్ల బరువుతో, పన్నెండింట పదకొండు వంతుల వెండితో అచ్చయిన ఆ నాణెం మద్రాసు, బొంబాయి, బెంగాల్ రూపాయల తేడాలను చెరిపేసింది. బ్రిటిష్ ఏలుబడిలోని తెలుగు జిల్లాలన్నీ ఆ రూపాయిలోకే వచ్చాయి. కృష్ణకు ఇవతల మాత్రం అది పరాయి నాణెంగానే మిగిలింది. సొంత సిక్కా కొట్టుకునే హక్కును నిజాం వదులుకోలేదు. ఈ ఉపఖండంలో పాలకుడు ఎవరన్నది తెలియజేసే గుర్తులు రెండే. ఒకటి శుక్రవారం ఖుత్బాలో చదివే పేరు, రెండోది నాణెం మీద అచ్చయ్యే పేరు. అందుకే ఇంత పట్టుదల.

అయితే ఆ నాణెం మీద చాలాకాలం నిజాం పేరే లేదు. నూరేళ్ళకు పైగా స్వతంత్రంగా ఏలుకుంటున్నా ఆసఫ్‌జాహీలు మొగలు చక్రవర్తి పేరుతోనే నాణేలు కొట్టించారు. 1857 తిరుగుబాటు అణగిపోయి, బహదూర్ షా జఫర్ రంగూన్‌కు తరలిపోయాక గానీ ఆ పేరు తీసేయలేదు. అప్పటి పాలకుడు అఫ్జలుద్దౌలా. ఢిల్లీ పేరు పోయిన చోట ‘నిజాముల్ ముల్క్ ఆసఫ్‌జాహ్ బహదూర్’ అన్న బిరుదూ, దానితో పాటు 92 అన్న సంఖ్యా వచ్చాయి. అరబీ అక్షరాలకు అంకెల విలువ కట్టే పద్ధతిలో ముహమ్మద్ అన్న పేరుకు వచ్చే మొత్తం 92. ఒక చక్రవర్తి స్థానంలో ఇంకో చక్రవర్తిని నిలబెట్టకుండా, ఇంగ్లండు రాణి పేరు కూడా వేయకుండా ప్రవక్త పేరును అంకెగా వేశారు. ఆ రోజుల్లో ఏ సంస్థానమూ ఇంతకంటే నేర్పుగా తన మాట చెప్పుకోలేదని నా నమ్మకం.

దానికి ముందున్న గందరగోళం గురించి కొంచెం చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో నిజాం రాజ్యంలో ‘రూపాయి’ అంటే ఏ రూపాయి అని ఎదురు ప్రశ్న వచ్చేది. నగరంలో చెల్లేది షహర్ చలనీ. నిజాం మంత్రి చందూలాల్ తమ్ముడు గోవింద్‌బక్ష్ పేరున గోవింద్‌బక్షీ ఉండేది. పెస్తన్‌జీ మెహర్‌జీ అనే పార్శీ సాహుకార్లు ఔరంగాబాద్‌లో కొట్టించిన పెస్తన్‌షాహీ ఉండేది. గద్వాల, నారాయణపేట, వనపర్తి సంస్థానాల వైపు అచ్చయిన నాణేలు వేరు. ఒక్కోదానిలో వెండి ఒక్కో పాళ్ళలో ఉండేది. వనపర్తి నుంచి సరుకు తెచ్చిన వ్యాపారి నగరంలో అమ్మి, ఔరంగాబాద్‌లో బాకీ తీర్చాలంటే మధ్యలో రెండు మూడు చోట్ల వట్టం (మారకపు కోత) కట్టాల్సిందే. డబ్బు మార్చే సరాఫు రాయి మీద గీసి, చెవి దగ్గర మోగించి, తూచి, తన లెక్కన కోత కోసి ఇచ్చేవాడు. శిస్తు ఏ నాణెంలో కట్టాలో తాలూకా కచేరీ చెప్పేది. రైతు చేతిలో ఉన్నది ఇంకో నాణెం అయితే ఆ నష్టం రైతుదే.

ప్రభుత్వం కూడా ఇదే సాహుకార్ల చేతుల్లో ఇరుక్కుంది. చందూలాల్ కాలంలో అప్పుల మీద అప్పులు పెరిగాయి. అప్పు ఇచ్చినవారిలో బేగంబజార్, కార్వాన్ కోమట్లు, మార్వాడీలు, గోసాయిలే కాదు, అరబ్బు జమేదార్లు కూడా ఉన్నారు. జల్‌పల్లికి కూతవేటు దూరంలో ఉన్న బార్కస్‌లో ఈనాటికీ నివసిస్తున్న చావుష్ కుటుంబాల పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువులో సైనికులుగా వచ్చినవారు. వాళ్ళ నాయకుల్లో కొందరు సైన్యాలకు జీతాలు సమకూర్చి, ఆ బాకీ కింద తాలూకాలనే తాకట్టు పట్టారు. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అనే జమేదారు ఇక్కడ కూడబెట్టిన సొమ్ముతో ఆయన కుటుంబం హద్రమౌత్‌లో ఒక రాజ్యాన్నే నిర్మించింది. షిబామ్, షిహ్ర్, ముకల్లా పట్టణాలు 1858 నుంచి 1881 లోపు ఒక్కొక్కటిగా వాళ్ళ చేతికి వచ్చాయి. అక్కడ చెల్లే నాణెం ఆస్ట్రియా రాణి మరియా థెరీసా బొమ్మ ఉన్న పెద్ద వెండి డాలరు. హైదరాబాద్ వెండి రూపాయి ఓడలెక్కి, ఇంకో వెండిగా మారి, కోటలు కొన్నది. తెలుగు రైతు కట్టిన శిస్తులో కొంత అరేబియా సముద్రం అవతల ఒక సుల్తాను ఖజానాకు చేరిందన్న మాట. మన చరిత్ర పుస్తకాల్లో దీనికి దక్కవలసిన చోటు దక్కలేదు.

అప్పుల భారం చివరికి 1853లో బేరార్‌ను మింగేసింది. కంటింజెంట్ సైన్యం జీతాల బాకీ కింద ఆ పత్తి పండే నేలను కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. అదే ఏడు దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్‌కు తాను ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసు. తాకట్టులో ఉన్న తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించాడు. ఊరికో టంకశాల నడవడాన్ని ఆపించాడు. నగరంలోని సర్కారు టంకశాల నాణెమే రాజ్యమంతటా చెల్లాలన్నాడు. అదే హాలీ సిక్కా. పాత నాణేలన్నీ ఒక్కరోజులో మాయం కాలేదు గానీ, శిస్తు హాలీలోనే కట్టాలన్న నియమం వచ్చాక మిగతావి క్రమంగా కరిగి వెండి ముద్దలయ్యాయి. నా దృష్టిలో ఆయన చేసిన పనుల్లో రైతుకు నేరుగా తగిలిన మేలు ఇదే. సాలార్‌జంగ్ పేరు చెప్పగానే మ్యూజియం గుర్తొస్తుంది. అది ఆయన మనవడు కూడబెట్టింది. తాత కూడబెట్టింది రాజ్యం పరపతిని.

ఆ టంకశాల ఉన్నది పాతబస్తీలోనే, లాల్‌దర్వాజా, షాలిబండ పరిసరాల్లోని సుల్తాన్‌షాహీలో. సికందర్‌జాహ్ కాలంలో, 1803లో అది మొదలైంది. అక్కడ చాలాకాలం పని చేతితోనే సాగింది. వెండి ముక్క కోసి, తూచి, కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేసేవారు. అందుకే పాత హాలీలు రెండు పక్కపక్కన పెడితే ఒకేలా ఉండవు. అచ్చు కంటే నాణెం చిన్నది కాబట్టి రాతలో సగమే పడుతుంది. అంచు వంకరగా ఉంటుంది. అంచు నుంచి కొంచెం వెండి గీకేసినా కనిపెట్టడం కష్టం. కల్దారు మర మీద అచ్చయ్యేది. గుండ్రంగా, అంచుకు గాట్లతో ఉండేది. నకిలీ చేయడం కష్టం. 1895లో సుల్తాన్‌షాహీకి కూడా యంత్రాలు వచ్చాయి. 1903 జులైలో టంకశాల సైఫాబాద్‌కు మారింది.

ఇక అసలు లెక్క. ఏడుకు ఆరు అన్నది ఎక్కడి నుంచి వచ్చింది? బ్రిటిష్ వాళ్ళు పెద్దవాళ్ళు కాబట్టి నిజాం రూపాయిని తగ్గించి చూశారన్న అభిప్రాయం ఇప్పటికీ చాలామందిలో ఉంది. నాణేలను తూచి చూస్తే సంగతి వేరు. కల్దారు బరువు 11.66 గ్రాములు. అందులో స్వచ్ఛమైన వెండి 10.69 గ్రాములు. చార్మినార్ బొమ్మ వేసిన హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు. అందులో వెండి వెయ్యికి 818 పాళ్ళు, అంటే 9.14 గ్రాములు. వంద కల్దార్లలోని వెండిని హాలీలుగా మార్చితే దగ్గర దగ్గర 117 వస్తాయి. సర్కారీ రేటు 116 రూపాయల 10 అణాల 8 పైసలు. ఏడును ఆరుతో భాగించి వందతో హెచ్చిస్తే వచ్చేది సరిగ్గా అదే. రెండు నాణేలనూ కరిగించే కంసాలికీ, ఖజానా గుమాస్తాకూ ఒకటే జవాబు వచ్చింది. ఎవరి దయ వల్లో, ఎవరి దౌర్జన్యం వల్లో నిలబడ్డ రేటు కాదిది. దీని పునాది వెండి.

ఒక కల్దారుకు ఒక రూపాయి రెండణాల ఎనిమిది పైసల హాలీ. నూరు హాలీలకు 85 రూపాయల 11 అణాల 5 పైసల కల్దారు. ఈ రెండు అంకెలు గుమాస్తాలకు ఎక్కాల కింద లెక్క. రాజధానిలో రోజువారీ బతుకు ఈ లెక్కతోనే నడిచింది. చార్‌కమాన్, పత్తర్‌గట్టీ, బేగంబజార్‌లలో హాలీ. మూసీ దాటి రెసిడెన్సీ బజార్‌కు, అంటే ఇప్పటి సుల్తాన్‌బజార్‌కు వెళితే కల్దారు. హుస్సేన్‌సాగర్ కట్ట దాటి సికింద్రాబాద్ కంటోన్మెంటుకు వెళితే కల్దారే. రెసిడెన్సీ బజార్లు 1933లో, సికింద్రాబాద్ 1945లో తిరిగి నిజాం పాలనలోకి వచ్చేదాకా ఒకే నగరంలో రెండు ప్రభుత్వాలు, రెండు డబ్బులు ఉండేవి. ఉత్తరాలది కూడా ఇదే వరస. నిజాం తపాలా బిళ్ళ రాజ్యం లోపలే చెల్లేది. బెజవాడకో, మద్రాసుకో రాయాలంటే బ్రిటిష్ పోస్టాఫీసులో కల్దారు ఇచ్చి బిళ్ళ కొనాల్సిందే.

ఈ రెంటి మధ్య కూర్చున్నవాడు సరాఫు. పెద్ద వర్తకుడికి హుండీ ఉంటుంది, ఖాతా ఉంటుంది. సర్కారీ రేటుకు చాలా దగ్గరగా అతనికి పని జరిగిపోతుంది. సికింద్రాబాద్‌లో కూలి చేసి కల్దారు అణాలు తెచ్చుకున్నవాడికి ఆ వెసులుబాటు లేదు. ఒక హాలీ అణా కల్దారులో 10 పైసల పైచిలుకు. ఆ పైచిలుకుకు నాణెం లేదు. చిల్లర మార్చిన ప్రతిసారీ ఆ తునక ఎటో ఒకవైపు పోవాలి. అది ఎప్పుడూ మార్చుకునేవాడి జేబులోంచే పోయింది. రెండు డబ్బులున్న ఊళ్ళో పేదవాడు కట్టిన పన్ను ఇది. ఏ బడ్జెట్ పుస్తకంలోనూ దీని లెక్క లేదు.

సరిహద్దు తెలుగు పల్లెల్లో ఇబ్బంది ఇంకో రకం. నల్లగొండ జిల్లా నడిబొడ్డున మునగాల పరగణా ఉండేది. నాలుగు వైపులా నిజాం రాజ్యం, తాను మాత్రం కృష్ణా జిల్లాలో భాగం. నడిగూడెం రాజావారి జమీందారీ అది. పొలం గట్టు దాటితే చట్టం మారేది, డబ్బు మారేది. సూర్యాపేట సంతకు వెళ్ళి ఎద్దును అమ్ముకొచ్చిన మునగాల రైతు తన శిస్తు, పన్నులు కట్టాలంటే హాలీలను కల్దార్లుగా మార్చుకోవాలి. ఇరుపక్కలా మాట్లాడేది తెలుగే, చుట్టరికాలు ఉన్నదీ ఇరుపక్కలానే. కట్నం మాట్లాడుకునేటప్పుడు ఏ రూపాయో ముందే తేల్చుకోకపోతే వెయ్యికి నూట నలభై పైచిలుకు తేడా వస్తుంది.

ఈ ఏడుకు ఆరు ఒక దశలో ఊగిపోయింది. అది మన చేతిలో లేని కారణాల వల్ల. 1870ల్లో జర్మనీ తదితర దేశాలు వెండిని వదిలి బంగారాన్ని పట్టుకున్నాయి. అమెరికాలో కొత్త గనులు తెరుచుకున్నాయి. లండన్‌లో ఔన్సు వెండి 60 పెన్నీల నుంచి 1894 నాటికి 30 పెన్నీల లోపుకు పడిపోయింది. లండన్‌కు ఏటా పౌండ్లలో చెల్లింపులు చేయాల్సిన భారత ప్రభుత్వం గుండె గుభేలుమన్నది. 1893 జూన్‌లో బ్రిటిష్ ఇండియా టంకశాలలను జనం తెచ్చే వెండికి మూసేసింది. రూపాయిని వెండి నుంచి విడదీసి, 16 పెన్నీల దగ్గర నిలబెట్టింది. పౌండుకు 15 రూపాయలు. ఆ క్షణం నుంచి కల్దారు విలువ అందులోని వెండి విలువ కాదు. దానికి కాపలా ప్రభుత్వం.

హాలీ సంగతి ఏమిటి మరి? అది వెండి నాణెంగానే ఉండిపోయింది. కల్దారు పైకి పోతుంటే ఇది వెండితో పాటు కిందికి జారింది. పూర్తిగా వెండి ధరకే వదిలేసి ఉంటే ఆ శతాబ్దం చివరి ఏళ్ళలో వంద కల్దార్లకు 180 హాలీలు దాటి ఉండేవి. అంత దూరం పోకుండా నిజాం సర్కారు అచ్చును తన చేతిలోకి తీసుకుంది. అయినా ఆ పదేళ్ళలో రేటు కుదురుగా లేదు. బొంబాయి బట్ట, గోదావరి బియ్యం తెప్పించే వర్తకుడు ఇవాళ బేరమాడి, సరుకు చేరేసరికి ఎంత కట్టాలో తెలియక తల పట్టుకున్న రోజులవి. ఒక డబ్బు సర్కారు కాపలాలోకీ, దాని పక్క డబ్బు లోహం కాపలాలోకీ వెళ్ళినప్పుడు ఏమవుతుందో చూడాలంటే ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

పరిష్కారం మహబూబ్ అలీఖాన్ పాలనలో, ఆర్థికశాఖ చూసిన కాసన్ వాకర్ హయాంలో వచ్చింది. సైఫాబాద్‌లో కొత్త టంకశాల నుంచి 1904 ప్రాంతంలో చార్మినార్ రూపాయి వెలువడింది. ఆ నాణేన్ని దగ్గరగా చూడండి. నడిమధ్య చార్మినార్, నాలుగు మీనార్లూ స్పష్టంగా. ద్వారం లోపల మహబూబ్ పేరులోని ‘మీమ్’ అక్షరం. ఆయన కొడుకు ఉస్మాన్ అలీఖాన్ వచ్చాక అదే ద్వారంలో ‘ఐన్’ వచ్చింది. పాలకుడి ముఖం ఎక్కడా లేదు. కట్టడం చుట్టూ ఆసఫ్‌జాహ్ బిరుదు, అదే 92. వెనక ‘ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’లో అచ్చయినట్టు రాత. అంచు తీరుగా, గీకడానికి వీల్లేకుండా ఉంటుంది. బ్రిటిష్ నాణేల మీద ఏడో ఎడ్వర్డ్ తల కిరీటం లేకుండా ఉన్న రోజుల్లో, ఒక ఊరి కట్టడాన్ని తన డబ్బుకు ముఖంగా పెట్టుకున్న రాజ్యం ఇది. ఊరిమీద ప్రేమ లేకుండా ఆ ఆలోచన రాదు.

అందంతో పాటు నిర్వహణ కూడా మారింది. ఎంత అవసరమో అంతే కొట్టడం, కల్దారు విలువ గల బ్రిటిష్ ఇండియా సెక్యూరిటీలను నిల్వగా ఉంచుకోవడం, రేటు అటూ ఇటూ పోతే ఖజానా కలగజేసుకోవడం. రేటు మళ్ళీ 116 చుట్టుపక్కలకు వచ్చి నిలబడింది. వెండి పుట్టించిన లెక్కను ఇప్పుడు ఖజానా కాపాడింది. అంతకు కొంచెం ముందే, 1902లో, వైస్రాయ్ కర్జన్ బేరార్‌ను ఏటా పాతిక లక్షలకు శాశ్వత కౌలుకు రాయించుకున్నాడు. హాలీలో అది 29 లక్షల 16 వేల పైచిలుకు.

మొదటి ప్రపంచయుద్ధం ఈసారి ఎదురు దిక్కు నుంచి కొట్టింది. వెండి ధర ఆకాశానికి ఎగిసింది. నాణెం కరిగిస్తేనే లాభమన్న రోజు వచ్చింది. అమెరికా 1918లో తన నిల్వల్లోంచి 20 కోట్ల ఔన్సుల వెండి భారతదేశానికి అమ్మితే గానీ బ్రిటిష్ రూపాయికి ఊపిరాడలేదు. హైదరాబాద్ అదే ఏడు కాగితం డబ్బు చట్టం చేసింది. మొదట నూరు, పది రూపాయల నోట్లు, వెంటనే అయిదు, ఒకటి, 1926లో వెయ్యి. లండన్‌లో వాటర్లో కంపెనీ అచ్చువేసింది. నోటు మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు కూడా ఉన్నాయి. బడిలో, కచేరీలో తెలుగుకు చోటు లేదని ఆంధ్ర మహాసభ వాళ్ళు పోరాడుతున్న రోజుల్లో రాజ్యమంతటా తిరిగిన సర్కారు కాగితం మీద తెలుగు అక్షరాలు ఉన్నాయి. ఆ రెండు సంగతులూ నిజమే. ఒకదానితో ఒకటి కొట్టేయకూడదు.

ఆ నోట్ల కథలో ఒక ఓడ కూడా ఉంది. 1922 మే 20న లండన్ నుంచి బొంబాయి వస్తున్న ‘ఈజిప్ట్’ అనే ఓడను ఫ్రాన్స్ తీరం దగ్గర మంచుపొగలో ‘సెయిన్’ అనే ఫ్రెంచి ఓడ గుద్దింది. ఈజిప్ట్ నిమిషాల్లో మునిగిపోయింది. అందులో పది లక్షల పౌండ్లకు పైగా విలువైన బంగారం, వెండి ఉన్నాయి. వాటితో పాటు హైదరాబాద్‌కు రావలసిన నిజాం నోట్ల కట్టలూ ఉన్నాయి. పదేళ్ళ తర్వాత, 1932లో, ‘ఆర్తిలియో’ అనే ఓడలో వచ్చిన ఇటలీ గజ ఈతగాళ్ళు నూరు మీటర్లకు మించిన లోతు నుంచి ఆ బంగారాన్ని తీశారు. అప్పటిదాకా అంత లోతులో అలాంటి పని ఎవరూ చేయలేదు. బంగారంతో పాటు హైదరాబాద్ నోట్లు కూడా పైకి వచ్చాయి. అవి ఏ ఖజానాకూ చేరలేదు. ఈజిప్ట్ ఓడ నుంచి తీసినవని ముద్ర వేసుకుని నాణేల సేకరణదారుల చేతుల్లో ఇప్పటికీ తిరుగుతున్నాయి.

ఆ తర్వాతి ఇరవై ఏళ్ళు ప్రశాంతంగానే గడిచాయి. 1927లో కల్దారును 18 పెన్నీల దగ్గర ఖాయం చేశారు. పౌండుకు 13 రూపాయల 5 అణాల 4 పైసలు. హాలీలో సుమారు 15 రూపాయల 9 అణాలు. ఉస్మానియా చదువు పూర్తిచేసి లండన్ వెళ్ళిన కుర్రవాడికి ఇంటి నుంచి వచ్చే డబ్బు ఈ రెండు మెట్లు దిగి పౌండ్లయ్యేది. 1941 ఆగస్టులో హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ చట్టం వచ్చి, 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో బ్యాంకు తలుపులు తెరిచింది. ఉస్మానియా సిక్కా నిర్వహణ, రాజ్యపు అప్పుల బాధ్యత దానివే. ఒక సంస్థానానికి ఇది కేంద్ర బ్యాంకు లాంటిదే. అప్పటి ఆర్థిక మంత్రి గులాం మహమ్మద్. తర్వాత జాహిద్ హుస్సేన్ వచ్చారు. హైదరాబాద్ నోట్ల మీద ఆ ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. మొదటి ఆయన పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి, రెండో ఆయన స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాకిస్తాన్ తొలి గవర్నర్ అయ్యారు. పాకిస్తాన్ రూపాయిని నిలబెట్టినవాళ్ళు ఆ విద్యలో కొంత సైఫాబాద్‌లో నేర్చారు.

1947 నవంబర్ 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరింది. సిరా ఆరకముందే నిజాం ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. ఒకటి విలువైన లోహాల ఎగుమతిని కట్టడి చేసింది. రెండోది భారత రూపాయి హైదరాబాద్‌లో చట్టబద్ధంగా చెల్లదన్నది. ఆ పైన తన దగ్గరున్న భారత ప్రభుత్వ సెక్యూరిటీల్లో 20 కోట్ల రూపాయలవి పాకిస్తాన్‌కు అప్పుగా ఇచ్చింది. మొదటి రెండింటికీ ఎంతో కొంత వాదన వినిపించవచ్చు. సొంత నాణెం ఉన్న రాజ్యం తన నాణేన్నే చెల్లుబాటు చేస్తుంది. మూడోది మాత్రం క్షమించరాని తప్పు. హాలీ విలువకు ఊతం ఇచ్చిన నిల్వలు ఆ సెక్యూరిటీలే. ప్రజల డబ్బు వెనకున్న కట్టను తెంచి రాజకీయానికి వాడుకున్నారు. ఢిల్లీ ఈ మూడింటినీ ఒప్పంద ఉల్లంఘన కిందే లెక్కగట్టింది. ఆ ఏడాది రజాకార్ల దాడులకు భయపడి కృష్ణా, గుంటూరు, కర్నూలు జిల్లాలకు తరలిపోయిన వేల కుటుంబాల మూటల్లో ఉన్నది హాలీ. సరిహద్దు అవతల అది ఉప్పుకు కూడా నేరుగా చెల్లదు.

భారత సైన్యానికి నిజాం లొంగిపోవడంతో 1948 సెప్టెంబర్ 17న అంతా ముగిసింది. రాజ్యం పోయింది, రూపాయి మాత్రం వెంటనే పోలేదు. ఓడిన రాజ్యం నోట్లను చిత్తు కాగితాలుగా ప్రకటించిన ప్రభుత్వాలు చరిత్రలో చాలా ఉన్నాయి. భారత ప్రభుత్వం ఆ పని చేయలేదు. 1950లో భారత రూపాయి హైదరాబాద్‌లో చట్టబద్ధమైంది, సైఫాబాద్ టంకశాల భారత ప్రభుత్వం కిందికి వచ్చింది. మారకం మాత్రం పాత ఏడుకు ఆరే. ఒక్క పైస కూడా తగ్గించలేదు. 1951 నుంచి కొత్త హాలీ రావడం ఆగింది. ఉన్నవి చెల్లుతూనే వచ్చాయి. ఆ నిర్ణయం వల్ల లక్షల ఇళ్ళలో మట్టికుండల్లో, దూలాల సందుల్లో దాచుకున్న పొదుపు నిలబడింది.

ఇబ్బందులు లేకపోలేదు. నూరు హాలీల జీతగాడి చేతికి 85 రూపాయల చిల్లర వచ్చేసరికి జీతం కోసినట్టే అనిపించింది. లెక్క సరిగ్గానే ఉంది. కానీ దుకాణదారు ఏడణాల సరుకును ఆరణాలకు దించితేనే ఆ లెక్క ఇంట్లో కూడా సరిపోతుంది. చిన్న ధరల దగ్గర అలా దించడానికి నాణేలే లేవు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాక తెలంగాణ వాసి మూడు లెక్కల మధ్య పడ్డాడు: హాలీ అణాలు, ఇండియా అణాలు, నయాపైసలు. ఒక హాలీ అంటే 85 నయాపైసల పైన ముప్పావుకు కొంచెం తక్కువ. కోర్టుల్లో తాకట్లు, మెహర్ బాకీలు, కౌళ్ళ దావాలు మరెన్నో ఏళ్ళు ఓ.ఎస్. అంకె, దాని పక్కన ఐ.జి. అంకె రాసుకుంటూ నడిచాయి. జల్‌పల్లి వైపు పాత కాగితాలున్న కుటుంబాలు వాటిని భద్రంగా ఉంచుకోవాలని నా మనవి. భూమి హక్కుకు అవి పనికొచ్చినా రాకపోయినా, నగరం అంచున నేల ఏ ధర పలికిందో చెప్పే సాక్ష్యం ఇంకెక్కడా దొరకదు.

హాలీ సిక్కా చెల్లుబాటు పూర్తిగా రద్దయింది 1959లో. అదే ఏడు రిజర్వ్ బ్యాంక్ ఇంకో వింత పని చేసింది. కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయ్‌లలో అప్పటికి భారత రూపాయే చెల్లుతోంది. ఆ దేశాల కోసమే వేరే రంగులో, వేరే నంబర్లతో రూపాయి నోట్లు అచ్చువేసింది. 1966 జూన్‌లో మన రూపాయి విలువ తగ్గించినప్పుడు వాటికి ఏమైందో వచ్చే భాగంలో చూద్దాం.